అందరికీ ఆహ్వానం

లండన్ నగరంలో గ్రెషామ్ కళాశాల అనే సంస్థ ఒకటున్నది. సర్ థామస్ గ్రెషామ్ అనే వర్తకుడు వ్రాసిన వీలునామాను అనుసరించి 1597లో అది వెలసింది. అక్కడ ప్రవేశపరీక్షలు లేవు, పట్టాలు లేవు, ఉన్నవి ఉపన్యాసాలే. ఖగోళశాస్త్రం, న్యాయం, సంగీతం మొదలైన ఏడు విషయాలకు తొలుత ఏడుగురు ఆచార్యులను నియమించారు. వినగోరినవారు రుసుము చెల్లించనక్కరలేదు. నేటికీ అదే సంప్రదాయం.

అనువాదకురాలినైన నన్ను ఆకర్షించినది మరొక నియమం. పండితులకోసం లాటిన్‌లో చేసిన ప్రసంగాన్నే, ఆ భాష రాని పురజనులకోసం ఇంగ్లీషులో మరొకసారి చేయవలసి ఉండేది.

ఇటీవల మా ఊరి విశ్వవిద్యాలయంలో చెరువుల సంరక్షణపై ఒక ఉచితోపన్యాసానికి వెళ్ళాను. ‘అందరికీ ఆహ్వానం’ అన్నది కరపత్రం. ప్రసంగమంతా ఇంగ్లీషులోనే సాగింది. నా ప్రక్కన కూర్చున్న వృద్ధరైతు గంటసేపు కదలక విని, చివర మెల్లగా అడిగారు: “పూడిక తీసే సంగతి ఏమన్నారమ్మా?”

బయట మెట్లమీద కూర్చుని, చేతనైనంతలో తెలుగులో చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్నలలో రెండింటికి నావద్ద సమాధానం లేదు. అవి ఆ వక్త వినవలసిన ప్రశ్నలు.

కరపత్రంలోని ‘అందరికీ’ అన్న మాట నిజం కావాలంటే, ఆ రెండవ ఉపన్యాసం మనకూ కావాలి.