నింద పార్టీలది, వాయిదా మన గడపది

గత ఇరవై ఏళ్లలో కృష్ణా డెల్టా మూడుసార్లు అప్పుల మంటలో కాలింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం రెండు పెద్ద సూక్ష్మ రుణ సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించింది. 2010 అక్టోబరులో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలన్నింటినీ కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ దురాగతాలు బయటపడి శాసనసభ అట్టుడికింది. ఈ మూడు సందర్భాల్లో రాష్ట్రాన్ని రెండు వేర్వేరు పార్టీలు పాలించాయి. మూడుసార్లూ పాలకపక్షం ప్రతిపక్షాన్ని, ప్రతిపక్షం పాలకపక్షాన్ని, ఉభయులూ కలసి కంపెనీలను దుయ్యబట్టారు. వించిపేటలోని దర్జీ కుటుంబం, పెడనలోని అద్దకం పనివాడి ఇల్లాలు ఆ అప్పు తలుపు ఎందుకు తట్టవలసి వచ్చిందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నను మనమైనా అడగాలి. దానికి జవాబు వెదకనంత కాలం నాలుగో సంక్షోభం తప్పదు.

ముందుగా జరిగినదేమిటో చూద్దాం. 2006లో శాఖలు మూతపడినప్పుడు ఆరోపణలు స్పష్టంగానే ఉన్నాయి: అధిక వడ్డీ, ఒకే ఇంటికి పలు సంస్థల అప్పు, వసూళ్లలో అవమానం. చర్చలు జరిగాయి, సంస్థలు ప్రవర్తనా నియమావళికి తలూపాయి, శాఖలు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ తరువాతి నాలుగేళ్లలో అప్పుల వరద తగ్గకపోగా పెరిగింది. దీనికి కారణం కంపెనీల దురాశ ఒక్కటే కాదు. పేదలకు నేరుగా అప్పివ్వడానికి ఇష్టపడని బ్యాంకులు ఆ సొమ్మును టోకుగా సూక్ష్మ రుణ సంస్థలకు ఇచ్చి, దానినే ప్రాధాన్య రంగ రుణంగా లెక్క చూపుకున్నాయి. బ్యాంకు లక్ష్యం నెరవేరింది, సంస్థ వ్యాపారం పెరిగింది, భారమంతా వారం వారం వాయిదా కట్టే స్త్రీ మీద పడింది. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరు మార్కెట్టులో అడుగుపెట్టి సుమారు 1,600 కోట్ల రూపాయలు సమీకరించింది. పేదరిక నిర్మూలన పేరుతో మొదలైన పని వాటాదారుల లాభాల పట్టికగా మారింది.

రెండు నెలలు తిరగకముందే ఆత్మహత్యల వార్తలు పత్రికలను నింపాయి. రోశయ్య ప్రభుత్వం అక్టోబరు 15న ఆర్డినెన్స్ జారీ చేసింది. అది తరువాత చట్టమైంది. జిల్లాలో నమోదు తప్పనిసరి, వారపు వసూళ్ల స్థానంలో నెలవారీ వసూళ్లు, బలవంతం చేస్తే జైలు, మొత్తం వడ్డీ అసలును మించరాదు అన్నవి అందులోని ముఖ్యాంశాలు. ఇవన్నీ న్యాయమైనవే. ఈ పత్రిక పాఠకులలో ఏ ఒక్కరూ వాటిని తప్పు పట్టరు. అయితే చట్టం ఒక తలుపు మూసిందే తప్ప మరో తలుపు తెరవలేదు. అప్పు కట్టవద్దని రాజకీయ వేదికల మీద నుంచి పిలుపులు వినిపించాయి, వసూళ్లు కుప్పకూలాయి, సంస్థలు చేతులెత్తేశాయి. కూతురి పెళ్లి, కొడుకు కాలేజీ ఫీజు, తల్లి ఆపరేషను మాత్రం ఆర్డినెన్స్ కోసం ఆగలేదు. ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో 2015లో విజయవాడ చూసింది.

కాల్‌మనీ వ్యాపారికి నమోదు లేదు, రసీదు లేదు, నియమావళి లేదు. నెలకు వందకు పది రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 120 శాతం. మన వీధుల్లో తిరిగే రోజువారీ ఫైనాన్సు లెక్క ఇంకా తెలివైనది. నోటు మీద 10,000 రాయించుకుని 8,500 చేతిలో పెట్టి, రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తే వడ్డీ 1,500 మాత్రమే కదా అనిపిస్తుంది. అసలు రోజు రోజుకూ తగ్గుతోందన్న సంగతిని కలిపి ఏడాదికి లెక్కిస్తే అది నూటికి నూరు దాటుతుంది. ఈ ఉచ్చులో చిక్కిన స్త్రీలను లైంగికంగా వేధించారన్న ఫిర్యాదులు వెలుగుచూసినప్పుడు శాసనసభలో ఏం జరిగింది? నిందితులు ఏ పార్టీ వారన్న వాగ్వాదం జరిగింది. ఆ చర్చ నడుమ ప్రతిపక్షానికి చెందిన ఒక మహిళా సభ్యురాలిని ఏడాదిపాటు సస్పెండ్ చేశారు. బాధిత స్త్రీకి రేపటి నుంచి అప్పు ఎక్కడ దొరుకుతుందన్న మాట ఆ రభసలో మునిగిపోయింది.

నిందను పంచే ఆటలో చివరకు అది అప్పు తీసుకున్నవాడి మీదికే జారుతుంది. దీనికి అమెరికా అనుభవమే సాక్ష్యం. 2008లో అక్కడ గృహ రుణాల వ్యవస్థ కూలినప్పుడు, పేదలకు, మైనారిటీలకు అప్పులివ్వాలని బ్యాంకులను ఒత్తిడి చేసిన పాత చట్టమే దానికి కారణమని ఒక రాజకీయ వర్గం ప్రచారం చేసింది. 2011 జనవరిలో నివేదిక ఇచ్చిన అధికారిక విచారణ సంఘం ఆ చట్టం సంక్షోభానికి గణనీయమైన కారణం కాదని తేల్చింది. అప్పటికి ప్రచారం తన పని చేసుకుపోయింది. మన దగ్గర కూడా ‘వాళ్లకు అప్పిస్తే తిరిగి రాదు’ అన్న మాట బ్యాంకు బల్లల వెనుక చాలాకాలంగా తిరుగుతోంది.

ఇది మన అపోహ కాదు. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా ఉండే ప్రాంతాలను అప్పుకు తగని మండలాలుగా గుర్తిస్తున్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. ప్రాధాన్య రంగ ఖాతాల సంఖ్యలో ముస్లింల వాటా 12 శాతం వరకు ఉన్నా, రుణ మొత్తంలో అది 5 శాతం కూడా లేదని ఆ నివేదికే చెప్పింది. అంటే మనకు ఖాతా దక్కింది గాని పెట్టుబడి దక్కలేదు. ఆటోనగర్‌లో పానా పట్టిన మెకానిక్‌కు, మచిలీపట్నంలో రోల్డ్‌గోల్డ్ పని చేసే యువకుడికి, పరుపులు కుట్టే దూదేకుల కుటుంబానికి జీతపు చీటీ ఉండదు, తనఖా పెట్టడానికి పొలం ఉండదు. నిర్లక్ష్యపు రుణం, రుణ నిరాకరణ ఒకే నాణేనికి రెండు ముఖాలు. బ్యాంకు కాదన్నచోటే కాల్‌మనీ ఔనంటుంది.

పార్టీలు దీనికి చూపిన మందు మాఫీ. 2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణాల మాఫీ హామీ వచ్చింది. తరువాత అది విడతల పెట్టుబడి నిధిగా మారింది. 2019 తరువాత వచ్చిన ప్రభుత్వం ‘ఆసరా’ పేరుతో నాలుగు విడతలు చెల్లించింది. ఆ సొమ్ము పేద స్త్రీకి ఊరట కాలేదని అనడం అన్యాయం. కాని మాఫీ సంఘంలో ఉన్నవారికి, బ్యాంకు అప్పు ఉన్నవారికి మాత్రమే అందుతుంది. బ్యాంకు గడప తొక్కలేని కుటుంబానికి మాఫీ చేయడానికి అప్పే లేదు. హామీని నమ్మి వాయిదా ఆపినవారి మీద వడ్డీ పెరిగితే ఆ భారాన్ని హామీ ఇచ్చినవారు మోయరు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉంది. ఆటో మునిగింది, కుట్టుమిషను మునిగింది, కొట్టులోని సరకు కొట్టుకుపోయింది. బుడమేరు గండ్లకు ఎవరు కారణమన్న నిందల పర్వం అప్పుడూ సాగింది. కాని వరద ఎవరి పాపమైనా వాయిదా తేదీ మారదు. సంపాదించే సాధనమే పోయినవాడు పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తాడు. సంక్షోభం అలాగే పుడుతుంది.

కనుక ఏ పార్టీ వచ్చి ఓటు అడిగినా మనం ముందుంచవలసిన కోరికలు నాలుగు. మొదటిది, మైనారిటీల ఆర్థిక సంస్థ ఇచ్చే చిన్న రుణాలకు బ్యాంకు సమ్మతి అనే అడ్డుగోడ తొలగాలి. చిన్న మొత్తాలను సంస్థే నేరుగా ఇవ్వాలి. రెండవది, జిల్లా బ్యాంకర్ల సమావేశం మైనారిటీలకు ఇచ్చిన ఖాతాల సంఖ్యతో పాటు రుణ మొత్తాన్ని కూడా పట్టణాలవారీగా ప్రకటించాలి. ప్రధానమంత్రి 15 అంశాల కార్యక్రమంలో 15 శాతం లక్ష్యం 2006 నుంచీ ఉంది. దాని లెక్క అడిగే హక్కు మనది. మూడవది, వరద, తుఫాను వచ్చినప్పుడు సూక్ష్మ రుణాల వాయిదాలు కూడా వడ్డీ పేరకుండా నిలిచిపోవాలి. నాలుగవది, నమోదు లేని రోజువారీ ఫైనాన్సు మీద 2010 నాటి చట్టాన్ని రగడ రేగినప్పుడే గాక నిత్యమూ అమలు చేయాలి.

చట్టం ఇప్పటికే ఇచ్చిన రక్షణను మన ఇళ్లకు తెలియజేయడం కార్యకర్తల బాధ్యత. 2022 నాటి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, ఒక కుటుంబం కట్టే అన్ని వాయిదాలూ కలిపి నెలసరి ఆదాయంలో సగం మించేలా సూక్ష్మ రుణం ఇవ్వరాదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత వసూలు కోసం ఫోను చేయరాదు. వసూలు ముందుగా అనుకున్న స్థలంలోనే జరగాలి. రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వరుసగా అక్కడికి రానప్పుడే ఇంటికి రావచ్చు. రుణ కార్డు అప్పు తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అయితే అవే నియమాలు వడ్డీ మీద పాత గరిష్ఠ పరిమితిని ఎత్తివేశాయి. కనుక సంతకానికి ముందు వడ్డీ రేటు అడగడం ఇప్పుడు మరింత అవసరం.

చివరిగా మన ఇంటి సంగతి. వడ్డీ హరామని మింబరు మీద నుంచి చెప్పడం సులభం, శుక్రవారం వాయిదాకు దారి చూపడం కష్టం. అప్పుల్లో మునిగినవారు జకాతుకు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఒకరని ఖుర్‌ఆన్ నిర్దేశించింది. ఇబ్బందుల్లో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వాలని కూడా అదే బోధించింది. మన మస్జిదు కమిటీలలో ఎన్ని ఈ పద్దు కింద ఏటా ఎంత ఇచ్చాయో లెక్క చెప్పగలవు? పెళ్లి విందుకు, కట్నానికి అప్పు తెచ్చే ఇంటిని ఆపే పెద్దలు ఎందరున్నారు? బైతుల్‌మాల్, వడ్డీలేని రుణ సంఘం పట్టణానికి ఒక్కటైనా నిలబడాలి. అది ఏటా బహిరంగంగా ఆడిట్ కావాలి. ఆడిట్ ఎందుకంటే, 2019 జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ సంస్థ కూలి దాని అధిపతి దేశం విడిచి పారిపోయినప్పుడు, హలాల్ లాభం అన్న పేరును నమ్మి బంగారం కుదువపెట్టి మరీ డబ్బు కట్టిన కుటుంబాలు వీధిన పడ్డాయి. పేరు పవిత్రమైనంత మాత్రాన లెక్క పవిత్రం కాదు.

ప్రభుత్వాన్ని నిలదీయడం మన హక్కు, మన లెక్కలు మనం సరిచూసుకోవడం మన బాధ్యత. ఈ రెంటిలో ఏ ఒక్కటి వదిలినా, వచ్చే సంక్షోభంలో కూడా పార్టీలు ఒకదానినొకటి నిందించుకుంటాయి, వసూలుదారు మాత్రం మన గడపలోనే కూర్చుంటాడు.