గృహిణీధర్మము: కడపటి విస్తరి

ఇల్లాలిని పొగడదలచినవారు మన దేశమున తఱచుగా చెప్పు మాట యొకటి కలదు. ఆమె యందఱును తిన్న పిదప తినును, అందఱును నిద్రించిన పిదప నిద్రించును, తనకని యొక్కనాడును ఏమియు కోరలేదు అందురు. ఈ మాట వినునప్పుడు మనకు గర్వము కలుగును. చెప్పినవారియెడ ప్రీతియు కలుగును. కాని యీ పొగడ్త నందుకొన్న మనలో నెందఱు ఉదయమున నీరసముతో గోడ పట్టుకొని లేచుచున్నారో, ఎందఱు నాలుగు మెట్లెక్కునప్పటికి ఆయాసముతో నిలిచిపోవుచున్నారో యొకసారి తలంచి చూడవలయును. పరులకు చేయు సేవకును, తన్ను తాను కాపాడుకొనుటకును పొత్తు కుదురునా? కుదిరినచో ఎట్లు? ఈ మాసము మేము మీతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

ఆ పొగడ్తకు మూలము వెదకబోయిన మహాభారతము నొద్దకు పోవలసియుండును. అరణ్యపర్వమున, ఎఱ్ఱాప్రగడ తెనిగించిన భాగమున, సత్యభామ ద్రౌపదిని చూడవచ్చి, భర్తలు నీకింత యనుకూలురై యుండుటకు మందో మంత్రమో కారణమా యని యడుగును. ద్రౌపది యా ప్రశ్నకు నొచ్చుకొని, మందుమాకులతో మగని వశపఱచుకొనజూచు స్త్రీని చూచి మగడు ఇంటిలోని పామును చూచినట్లు భయపడునని చెప్పి, తన నడవడి నంతయు వివరించును. భర్తలును పరిజనులును భుజించిన పిదపనే తాను భుజింతునని యామె చెప్పినమాట నిజమే. మన పెద్దలు మనకు పదేపదే వినిపించినదియు నదియే. కాని యదే ప్రసంగమున ఆమె, పాండవుల బొక్కసమునకు వచ్చునదెంతయో, వ్యయమగునదెంతయో తనకొక్కతెకే తెలియుననియు, పరిజనులు చేసినదియు చేయనిదియు తానెఱుగుదుననియు గూడ చెప్పినది. ఈ మాటలు మన చెవిని వేసినవా రరుదు. రాజ్యపు లెక్కలను తలలో నిలుపుకొనిన స్త్రీ, ఒడలు శుష్కింపజేసికొని కన్నులు తిరిగి పడిపోవు స్త్రీ యై యుండదు గదా!

ఇంకొక సంగతి. వనవాసకాలమున సూర్యభగవానుని యనుగ్రహమున ధర్మరాజునకు లభించిన అక్షయపాత్ర కథ మనకందఱకును తెలిసినదే. ద్రౌపది భుజించువఱకును ఆ పాత్రయందు అన్నము తఱుగదు. ఆమె భుజించినచో నా దినమునకు పాత్ర ముగియును. ఈ నియమమును మనము సాధారణముగా ఆమె కడపట తినుటకు దృష్టాంతముగా చెప్పుకొందుము. మాకు దీనియందు మఱియొక యర్థము తోచుచున్నది. ఎన్ని వందలమంది యతిథులు వచ్చినను, ఆమె వంతు వచ్చుసరికి పాత్ర నిండుగనే యుండెను. అడుగంటిన మాడుముక్కయు, పలుచని చారునీళ్లును ఆమెకు మిగులలేదు. అంతియ కాదు, ఆమె భోజనమైనగాని యా దినపు అన్నదానము పూర్తియైనట్లు లెక్కకు రాలేదు. ఆమె విస్తరి ఆ యజ్ఞమునకు పూర్ణాహుతి.

కాబట్టి సోదరీమణులారా, కడపట తినుట వేఱు, కడమ తినుట వేఱు. మొదటిది మర్యాద. అది యిష్టమైనవారు పాటింతురుగాక, లేనివారు అందఱితో కలసి కూర్చుండి తిందురుగాక. రెండవది మర్యాద కాదు, ధర్మమంతకన్నను కాదు. మిగిలినది తినుట, మిగులకున్న మజ్జిగ త్రాగి పరుండుట, మిగిలినదానిని పాఱవేయ మనసొప్పక పులిసిన కూర తినుట, ఇవి యన్నియు మన యిండ్లలో త్యాగమను పేరున చెల్లుబాటగుచున్నవి.

శరీరమును కృశింపజేయుటయే పుణ్యమని తలంచువారు కాళిదాసుని కుమారసంభవమున అయిదవ సర్గము చదువవలయును. పార్వతి యెండవానలకోర్చి ఘోరతపస్సు చేయుచుండగా, బ్రహ్మచారివేషమున వచ్చిన శివుడు మొదట నామె క్షేమమునే యడుగును. నీ శక్తికి తగినంతవఱకే తపస్సు చేయుచున్నావు గదా యని యడిగి, ధర్మము నాచరించుటకు శరీరమే మొదటి సాధనమని చెప్పును. ఎవనికొఱకు తపస్సో యాతడే చెప్పిన మాట యిది. మనము సేవించువారు మనలను నిజముగా ప్రేమించువారైనచో వారును ఇట్లే యడుగుదురు.

ఇది పురాణకాలక్షేపము కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను చూడుడు. మన దేశమున 15 మొదలు 49 ఏండ్లవఱకు వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. ఆ వయసు పురుషులలో నూటికి 25 మందికి మాత్రమే కలదు. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను స్త్రీల లెక్క దేశపు లెక్కకంటె కొంచెము హెచ్చుగనే యున్నది. వరి పండు నేలలో, గోంగూరయు మునగయు పెరట పెరుగు సీమలో, అన్నము వండు చేతులే వెలవెలబోవుచున్నవన్నమాట!

దీనికి కారణము తెలిసికొనుట సులభము. స్త్రీకి నెలనెలయు రక్తము పోవును. కనుక ఆమెకు పురుషునికంటె ఎక్కువ యినుము ఆహారమునుండి రావలయును. భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థయు 2020వ సంవత్సరమున ప్రకటించిన లెక్క ప్రకారము పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల యినుము చాలును, స్త్రీకి 29 మిల్లీగ్రాములు వలయును. ఎవరికెక్కువ వలయునో వారి కంచములోనే కూర తక్కువగుచున్నది. ఇక రక్తహీనత యెట్లు తప్పును?

మా యెఱుకలోని యొక గృహిణి కథ చెప్పెదము. నలుగురు పిల్లలు, మంచమునబడిన మామగారు, వచ్చిపోవు చుట్టములు. ఆమె పని చేయుచు మధ్యలో కూర్చుండిపోయెడిది. చిన్నమాటకు పిల్లలపై కసరెడిది. ఇంటివారు సోమరితన మనిరి, కోపిష్ఠి యనిరి. ఆమెయు తన గుణమే చెడినదని లోలోపల కుమిలెను. ఒకనాడు బడిలో జరిగిన వైద్యశిబిరమున పిల్లలతో పాటు ఆమెకును రక్తపరీక్ష చేసిరి. గర్భవతి కాని స్త్రీకి 100 మిల్లీలీటర్ల రక్తమున 12 గ్రాములకు తక్కువ కాకుండ నుండవలసిన హిమోగ్లోబిన్ ఆమెకు 7 గ్రాములే యుండెను. చెడినది గుణము కాదు, తగ్గినది రక్తము. వైద్యురాలు చెప్పిన మందును క్రమముగా పుచ్చుకొని, వేళకు తిని, ఆమె కొన్ని మాసములకు కోలుకొనెను. ఆ యింటిలో కసరులు తగ్గి నవ్వులు వినవచ్చెను. ఆమె తన్ను తాను చూచుకొనుటవలన లాభము పొందిన దెవరు? మొట్టమొదట ఆమె పిల్లలే.

మేము చెప్పునది వ్యయముతో కూడిన పని కాదు. బడిపంతులు జీతముతో నడచు మా యింటివంటి యింటగూడ సాగునట్టిదే. తోటకూర, మునగాకు, పప్పుదినుసులు, రాగులు, నువ్వులు, వీనిలో నేదో యొకటి దినమును మన కంచములో పడవలయును. నిమ్మరసమో ఉసిరికాయయో తోడైనచో ఆహారములోని యినుము ఒడలికి బాగుగా పట్టును. భోజనముతో గాని, అయిన వెంటనే గాని కాఫీ, టీలు త్రాగినచో సరిగా పట్టదు. కనుక వానికి గంటసేపైనను ఎడముంచుట మేలు. అయితే రక్తము మిక్కిలి తగ్గినవారికి ఆకుకూర యొక్కటియే చాలదు. నెలసరి మితిమీరుటయో, కడుపులో నులిపురుగులో కారణమై యుండవచ్చును. కావున పరీక్ష చేయించుకొని వైద్యులు చెప్పినట్లు నడచుకొనవలయును. గర్భవతులకును, ఎదుగు బాలికలకును ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఇనుపమాత్రలు ఉచితముగా నిచ్చుచున్నారు.

ఇక ఒడలి సంగతి విడచి మనసు సంగతి చూతము. నాకేమియు వద్దు అను మాట కొందఱి నోట స్వచ్ఛముగా వచ్చును, కొందఱి నోట కాదు. నేనింత చేసితిని, ఒక్కరైనను నన్ను తలచిరా యను మాట లోపల గూడు కట్టుకొని యుండును. అట్టి సేవలో పెట్టిన అన్నముతో పాటు నిష్ఠూరముగూడ వడ్డింపబడును. తినువారికి రుచించునది తక్కువ, గొంతు పట్టుకొనునది యెక్కువ. తన యవసరమును నోటితో చెప్పుకొనుట నేర్చిన స్త్రీకి ఈ గూడు కట్టుకొనుట యుండదు. నాకు తలనొప్పిగా నున్నది, నేటి రాత్రి వంట మీరు చూచుకొనుడు అని సౌమ్యముగా చెప్పుట స్వార్థము కాదు.

అట్లని తన్ను తాను చూచుకొనుట యనగా అంగళ్లలో కొనుక్కొను వస్తువని తలంపరాదు. లేపనములును చీరలును ఉల్లాసము నిచ్చునేమో కాని లోని శూన్యమును నింపజాలవు. అతిగా తినువానికిని, అసలే తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్రయే మానినవానికిని యోగము కుదురదని గీత ఆఱవ యధ్యాయమున భగవానుడు చెప్పినది సన్యాసులకు మాత్రమే కాదు, మనకును వర్తించును.

తిండియు నిద్రయు చక్కబడినచో తరువాత వలసినది కొంచెము వేళ. కేంద్రప్రభుత్వము 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును ఆ పనులపై గడుపుచున్నారు. ఆ 289 నిమిషములలో నొక అరగంట ఇంటిలోని యితరుల చేతులకు మార్చినచో ఇల్లు మునిగిపోదు. ఆ యరగంట మనది. చదువుకొనవచ్చును, పాడుకొనవచ్చును, ఊరక కూర్చుండవచ్చును. కిష్కింధాకాండము చివర సముద్రమును దాటు వారెవరని వానరులందఱును తర్జనభర్జన పడుచుండగా హనుమంతుడు ఒకమూల మాటాడక కూర్చుండియుండెను. జాంబవంతుడు వచ్చి నీ బలము నీ వెఱుగవా యని గుర్తు చేసినగాని లేవలేదు. మనలోనెందఱో యట్లే యున్నారు. ఎడతెగని పనిలో మన బలము మనకు గుర్తు రాదు. అరగంట నిశ్శబ్దము మనపాలిటి జాంబవంతుడు.

ఇందుకు మన తెలుగునాటనే నిదర్శనము కలదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయమ్మగారు బాల్యముననే దేశసేవలో దిగి, ఉప్పుసత్యాగ్రహకాలమున చెఱసాలకు పోయిరి. తమ పక్షమున తాము చెప్పుకొనజాలక శిక్షలు పడిన స్త్రీలను అచ్చట చూచిరి. విడుదలయైన పిదప వారు మరల వేదికలెక్కుటకు తొందరపడక చదువునకు కూర్చుండిరి. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను మొదలుకొని, ఆంధ్ర విశ్వవిద్యాలయపు పట్టములు పొంది, 1942లో మద్రాసున న్యాయశాస్త్రపట్టము నందిరి. దేశము పిలుచుచుండగా పుస్తకము పట్టుట తన సుఖము చూచుకొనుటగా నాడు కొందఱికి తోచియుండవచ్చును. కాని యా చదువు వ్యర్థము కాలేదు. చదువుచునే 1937లో ఆంధ్రమహిళాసభను నెలకొల్పిరి. తరువాత రాజ్యాంగసభలో సభ్యురాలైరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి యధ్యక్షురాలైరి. తనకని తీసికొన్న ఆ కొలది యేండ్లు వేలకొలది స్త్రీలకు చదువును, వైద్యమును, జీవనోపాధియు నై తిరిగి వచ్చినవి. మనమందఱమును అంతవారము కానక్కరలేదు. తనలోని శక్తిని తాను గుర్తించి పెంచుకొన్న స్త్రీ, తన వీధికైనను వెలుగు కాగలదు.

అత్తగారలతో నొక మాట. మీ కోడలు తినినదా యని యడుగవలసిన మొదటి నోరు మీది. మీరు కోడండ్రై యున్ననాడు మీ ఆకలి నెవరు నడుగకపోయి యుండవచ్చును. ఆ లోటు తీర్చుటకు మీకిప్పుడు మంచి యవకాశము కలదు. తల్లులతో నొక మాట. కొడుకునకు తన కంచము తానెత్తుటయు, చారు కాచుటయు నేర్పుడు. కూతునకు గుడ్డుగాని పాలుగాని తమ్మునితో సమముగా పోయుడు. చిన్ననాడు సగము పాలకు అలవాటుపడిన పిల్ల పెద్దయై తనంతట తానే సగము తీసికొనును.

ఈ మాసమున మా పాఠకురాండ్రు రెండు పనులు చేయవలెనని మా కోరిక. మొదటిది: వడ్డనకు ముందే మీ పాలు కూరయు పప్పును వేఱొక గిన్నెలో తీసి మూతపెట్టుడు. అతిథి వచ్చినను ఆ గిన్నె ముట్టక మఱొక గుప్పెడు బియ్యము పొయ్యిపై వేయుడు. రెండవది: ఇంతవఱకు చేయించుకొననివారు ఆరోగ్యకేంద్రమునకు పోయి రక్తపరీక్ష చేయించుకొనుడు. ఒంటరిగా పోవుటకు బిడియమైనచో పొరుగింటి వదినగారినిగూడ తీసికొనిపొండు. ఆమెకును అది యవసరమై యుండును.