నోరు తిరగనిది ఎవరికి?

ఇంగ్లిష్‌లో రాసిన ఊరి పేరుకు, ఆ ఊరివాళ్లు పలికే పేరుకు పొంతన కుదరకపోతే తప్పు ఎవరిది? రాసినవాడిదా, పలికినవాడిదా? మన దగ్గర ఎప్పుడూ పలికినవాడిదే తప్పు. ఆ పలికినవాడు గూడెం నుంచో తండా నుంచో వస్తే ఇక చెప్పనక్కర లేదు. ఈ న్యాయం ఎక్కడిదో తేల్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

శంషాబాద్‌తో మొదలుపెడదాం. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు అక్కడికి మారాక హైదరాబాద్‌కు గుమ్మం అదే. ఉర్దూలో ఆ ఊరి పేరు శమ్స్ ఆబాద్ అని రాస్తారు. శమ్స్ అంటే సూర్యుడు. ఉత్తరప్రదేశ్‌లో ఇదే పేరున్న ఊళ్లను ఇంగ్లిష్‌లో ఒట్టి ‘ఎస్’తోనే రాస్తారు. మన దగ్గర తెలుగు నోట్లో ఆ ‘స’ కాస్తా ‘ష’ అయింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఆ పలుకు వెంటే నడిచి పక్కన ‘హెచ్’ చేర్చుకుంది. ఏం నష్టం జరిగింది? ఏ విమానమూ దారి తప్పలేదు. జనం నోటిమాటకు ఇంగ్లిష్ అక్షరం లొంగగలదని ఆ ఊరి బోర్డే చెబుతోంది.

అదే విమానాశ్రయం పక్కనే రాళ్లగూడ ఉంది. ఇంగ్లిష్‌లో రాయగానే ‘రా’ దీర్ఘం పోయింది, ‘ళ’ పోయి ‘ల’ వచ్చింది, ‘గూ’ దీర్ఘమూ పోయింది. క్యాబ్‌లో దారి చెప్పే యంత్రానికి, కొత్తగా వచ్చిన మనిషికి అది ‘రల్లగుడ’. రాళ్లున్న చోటు అనీ, అక్కడో గూడ వెలిసిందనీ చెప్పే పేరు అర్థం లేని చప్పుడుగా మిగిలింది. ఇంకొంచెం ముందుకు పోతే తండాలు వస్తాయి. మన అలవాటు కొద్దీ ‘త’ కోసం ‘టి’ పక్కన ‘హెచ్’ పెడతాం. హిందీవాడు దాన్ని ‘ఠండా’ అని చదువుతాడు. బంజారాలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన కాలం నుంచి వాళ్ల బిడారుకు, విడిదికి ఉన్న పేరు చివరికి ‘చల్లన’ అయింది! మేడారం ‘మెదరం’ అయినా, ఉట్నూరు ‘ఉత్నూర్’ అయినా కథ ఇదే.

ఇంగ్లిష్ లిపికి మన ట–త, డ–ద, ళ–ల తేడాలు చూపడం కష్టమే, ఒప్పుకుందాం. కానీ దీర్ఘానికి పైన గీత పెట్టే హంటర్ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దంలోనే వచ్చింది. సర్కారు పద్ధతిని ఉంచుకుని గీతలను మాత్రం బోర్డుల మీద, కాగితాల మీద వదిలేసింది. కాబట్టి ఇది అక్షరాల పేదరికం ఒక్కటే కాదు, పట్టింపు లేకపోవడం కూడా.

ఇప్పుడు అటువైపు చూడండి. ఇంగ్లండ్‌లో లెస్టర్ అనే ఊరుంది. దాని స్పెల్లింగ్‌ను అక్షరం అక్షరం చదివితే ‘లీసెస్టర్’ వస్తుంది. గ్రెనిచ్ స్పెల్లింగ్ చూస్తే ‘గ్రీన్‌విచ్’. మన పిల్లవాడు అలా చదివితే దిద్దుతాం, కొందరు నవ్వుతారు కూడా. స్పెల్లింగ్ అలా ఉంది గనుక మీ పలుకే మార్చుకోండి అని లెస్టర్ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల ఊళ్లకు ప్రపంచమంతా నోరు తిప్పుకోవాలి. మన ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమే బోర్డుకు తగ్గట్టు నోరు తిప్పుకోవాలి. నోరు తిరగకపోవడం జబ్బు కాదు, అధికారం. తక్కువవాడి పేరు నేర్చుకోనక్కర లేదనే ధీమా.

తెలుగు కూడా మనకు ఇదే చేసింది. గోండుల్లో కుమ్ర ఇంటిపేరు. ఆ ఇంటిపేరు చెబితేనే ఏ సగ, ఎన్ని దేవుళ్లవాళ్లు, ఎవరితో వియ్యం అందుకోవచ్చు అన్నది తెలుస్తుంది. మన కుమ్రం భీం పత్రికల్లో కొమరం అయ్యాడు, కొమురం అయ్యాడు, జిల్లా పేరులో కుమురం అయ్యాడు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నేలకొరిగిన మనిషి పేరు 2016లో జిల్లాకు పెట్టారు. సంతోషమే. ఆయన ఇంటిపేరును ఆయన వాళ్లు పలికినట్టు రాయడానికి అదనంగా ఎంత ఖర్చయ్యేది?

“పేరులో ఏముంది, పని జరిగితే చాలు” అనేవాళ్లకు ఒక మాట. పని జరగకపోవడమే మన బాధ. ఊరి పేరు కుల ధ్రువపత్రంలో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకొకటి, పోడు పట్టాలో మరొకటి. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడు ఆ తేడా చూపించి దరఖాస్తు తిప్పి పంపుతాడు. ఆ మూడు స్పెల్లింగుల్లో ఒక్కటీ గూడెంవాళ్లు రాసింది కాదు. రాసినవాళ్లు హాయిగా ఉంటారు, బస్సు ఛార్జీలు పెట్టుకుని తిరిగేది విద్యార్థి.

మార్చలేమా? 2005లో కడప ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను ప్రభుత్వమే సరిచేసింది. బ్రిటిష్ వాళ్లు పెట్టిన తోక అక్షరాలన్నీ ఒక్క ఉత్తర్వుతో రాలిపోయాయి. న్యూజిలాండ్‌లో మావోరీలు వాంగనుయి పట్టణం పేరులో పోయిన ఒక్క ‘హెచ్’ కోసం ఏళ్ల తరబడి పోరాడారు. మీ పలుకులో ఆ అక్షరం వినిపించదని తెల్లవాళ్లు వాదించారు. 2009లో రెండు స్పెల్లింగులూ చెల్లుతాయన్నారు, 2015 నాటికి ‘హెచ్’ ఉన్నదే అధికారికమైంది. ఒక్క అక్షరానికి అంత గొడవా అని వాళ్లు వెనక్కి తగ్గలేదు.

మనకు చట్టం బలం కూడా ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఊరి పేరు కంటే పెద్ద గుర్తింపు ఏముంది? పెద్దవాళ్లను కూర్చోబెట్టి పేరు పలికించండి. దాన్ని ముందు మన భాషలో, తర్వాత తెలుగులో, ఆ పలుకును బట్టి ఇంగ్లిష్‌లో రాసి తీర్మానం చేయండి. ఒకే స్పెల్లింగ్ అన్ని కాగితాల్లో ఉండాలని మండలానికి పంపండి. గోండి రాయడానికి గుంజాల లిపి ఉంది, 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. లిపి లేదనే సాకు ఇక చెల్లదు.

తోటి ఉపాధ్యాయులారా, హాజరు పట్టికలో, ఆన్‌లైన్ ఫారంలో పిల్లల ఊరి పేరు మొదట ఎక్కించేది మనమే. కంప్యూటర్ చూపించిన జాబితాలోంచి ఏదో ఒకటి నొక్కే ముందు ఆ పిల్లను అడగండి, ఆమె నోట వినండి. యువతకు చెప్పేది కూడా అదే. హైదరాబాద్ వెళ్లాక మీ ఊరేదని అడిగితే కొందరు బోర్డు మీద ఉన్నట్టు పలుకుతున్నారు, ఎదుటివాడికి సులువుగా ఉంటుందని. ఆ సులువు వద్దు. మీ అమ్మ పలికినట్టే చెప్పండి. అర్థం కాలేదంటే రెండోసారి చెప్పండి, మూడోసారి వాడి చేత పలికించండి. లెస్టర్ నేర్చుకున్న నోరు రాళ్లగూడ నేర్చుకోలేదా?