కొత్త మెమరీ చేర్చగానే పనిలోకి రావాలి

నడుస్తున్న లినక్స్ సర్వర్‌కు మెమరీ చేర్చడం రెండు దశల పని. మొదట కెర్నెల్ కొత్త మెమరీని గుర్తించి లెక్కలో రాసుకుంటుంది. తర్వాత దాన్ని ఆన్‌లైన్ చేయాలి. అప్పుడే అది ప్రోగ్రాములకు అందుతుంది. ఈ రెండో దశ చాలాచోట్ల కెర్నెల్ చేతిలో ఉండదు. యూడెవ్ అనే ప్రోగ్రాము రూలుకో, సిస్టమ్ అడ్మిన్‌కో వదిలేసి ఉంటుంది. ఉప్పల్, నాచారం ఐడీఏల్లోని యూనిట్లు తమ వర్చువల్ సర్వర్లలో ఆ పనిని కెర్నెల్‌కే అప్పగించాలని ఈ కరపత్రం కోరుతోంది.

నాచారంలో ఒక యూనిట్ అకౌంట్ల సర్వర్ 8 జీబీతో నడుస్తోందనుకుంటే, ఇబ్బంది బయటపడేది ఏ 20వ తేదీనో, జీఎస్టీఆర్-3బీ గడువు రోజున. మెషిన్ నత్తనడక నడుస్తుంటే ఏఎంసీ వాళ్లు కంట్రోల్ ప్యానెల్‌లో 8ని 16 చేస్తారు. ప్యానెల్ 16 అంటుంది. సర్వర్‌లో ‘ఫ్రీ’ కమాండ్ కొట్టి చూస్తే పాత 8 దగ్గరే ఉంటుంది. ‘ఎల్ఎస్‌మెమ్’ కొడితే కొత్త మెమరీ అంతా ఆఫ్‌లైన్ అని కనబడుతుంది.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. ఈ సైజు మెషిన్‌లో కెర్నెల్ మెమరీని మామూలుగా 128 ఎంబీ బ్లాకులుగా చూస్తుంది. ప్రతి 4 కేబీ పేజీకి 64 బైట్ల వివరం దాచుకోవాలి కాబట్టి బ్లాకుకు 2 ఎంబీ, 64 బ్లాకులకు 128 ఎంబీ కావాలి. సాధారణంగా ఆ చోటు దొరకాల్సింది పాత మెమరీలోనే. అంటే ఊపిరాడని సర్వర్‌కు మెమరీ ఇచ్చిన తొలిక్షణంలో ఉన్నదే కొంత తగ్గుతుంది. బ్లాకులను ఆన్‌లైన్ చేయాల్సిన యూడెవ్ కూడా మామూలు ప్రోగ్రామే; దాని ప్రాసెస్ లేవడానికీ మెమరీ కావాలి. దొరక్కపోతే కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. అది ఎక్కువగా మెమరీ తింటున్న డేటాబేసే కావచ్చు. పక్కన 8 జీబీ ఖాళీగా ఉండగానే ఇదంతా!

ఈ అవస్థ తప్పించడానికే 2016లో లినక్స్ 4.6లో ‘ఆటో_ఆన్‌లైన్_బ్లాక్స్’ అనే సెట్టింగ్ వచ్చింది. రెడ్ హ్యాట్ ఇంజనీరు విటాలీ కుజ్‌నెత్సోవ్ దాన్ని రాశారు. అందులో ‘ఆన్‌లైన్’ అని ఉంటే బ్లాకు చేరగానే కెర్నెలే పనిలో పెడుతుంది, మధ్యలో ఎవరి సాయమూ అక్కర్లేదు. పొరుగునే కుషాయిగూడలో ఉన్న ఈసీఐఎల్ టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసిన రోజుల్లో మెషిన్ ఆపకుండా మెమరీ పెంచడమన్న మాటే లేదు. ఇప్పుడు ఆపనక్కర్లేకపోయినా, ఒక్క సెట్టింగ్ పెట్టని కారణంగా చివరికి రీస్టార్టే కొడుతున్న అడ్మిన్లున్నారు.

దీనికి అభ్యంతరం లేకపోలేదు. ఇలా చేర్చిన మెమరీలో కెర్నెల్ తన సొంత సమాచారం పెట్టుకుంటే తర్వాత ఆ బ్లాకును వెనక్కి తీయడం కష్టం. అభ్యంతరం న్యాయమైనదే. మెమరీని మళ్లీ తీసేయాల్సిన మెషిన్లలో, 2020 నాటి 5.7 వెర్షన్ నుంచి, ‘ఆన్‌లైన్_మూవబుల్’ అని పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ చోటికి కదల్చగలిగిన పేజీలే వెళతాయి. స్టాండ్‌బైగా మెమరీ అట్టిపెట్టే ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో ఆటో అసలు వద్దు. అకౌంట్లు, స్టాకు, హాజరు చూసుకునే వర్చువల్ సర్వర్లలో మెమరీ పెంచడమే గానీ వెనక్కి తీయడం అరుదు. అక్కడ ‘ఆన్‌లైన్’ చాలు.

సెట్టింగ్‌ను ఒకసారి మార్చి ఊరుకుంటే రీస్టార్ట్ తర్వాత పోతుంది. బూట్ లైనులో ‘మెమ్‌హెచ్‌పీ_డీఫాల్ట్_స్టేట్=ఆన్‌లైన్’ అని చేర్చాలి. ఏఎంసీ ఒప్పందం రెన్యూ చేసేటప్పుడు యజమానులు ఈ షరతు రాయించుకోవాలి: మెమరీ పెంచితే ప్యానెల్ స్క్రీన్‌షాట్ కాకుండా, సర్వర్ లోపలి ‘ఎల్ఎస్‌మెమ్’ ఫలితం చూపించాకే బిల్లు.