టాంకుల లెక్క తేలలేదు

మా మనవడు ఈ మధ్య క్విజ్ పోటీల్లో పడ్డాడు. పొద్దస్తమానం వాడి చేతిలో ఒక పుస్తకం, మా ప్రాణానికి ఒక ప్రశ్న. మొన్న ఆదివారం నేను పడక్కుర్చీలో కునుకు తీస్తుండగా, "తాతయ్యా, ప్రపంచంలోకెల్లా పెద్ద టాంకుల యుద్ధం ఎక్కడ జరిగింది?" అని కేక వేశాడు. వంటింట్లోంచి మా ఆవిడ, "టాంకుల సంగతి నన్నడుగు నాయనా! మేడమీద టాంకు నిండక మూడు రోజులైంది. కింది వాటావాళ్ళతో రోజూ యుద్ధమే" అంది.

వాడు పకపకా నవ్వాడు గాని, ఆవిడ మాట మరీ తీసిపారెయ్యవలసింది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఈ ఉక్కు శకటాలను చాటుమాటుగా తయారు చేస్తూ, శత్రువు పసిగట్టకుండా "ఇవి నీళ్ళ టాంకులు" అని ప్రచారం చేశారు. 1916 సెప్టెంబరులో సోమ్ రణరంగంలో దిగేసరికి ఆ దొంగపేరే అసలుపేరై కూర్చుంది.

పుస్తకంలో జవాబు సిద్ధంగానే ఉంది: ప్రొఖొరోవ్కా, 1943 జూలై 12, పదిహేనువందల టాంకులు. వాడంతటితో తృప్తిపడేవాడే. నాకు యుద్ధచరిత్రలు చదివే పాడలవాటు ఒకటి ఉండి, "ఆ అంకె కొట్టెయ్యరా" అన్నాను. దాంతో ఆదివారం కాస్తా గోవిందా!

జర్మనులు ఆ జూలై 5వ తేదీన రష్యాలో కూర్‌స్క్ దగ్గర సోవియట్ సేనలను ఉత్తర దక్షిణాలనుంచి కత్తెర వెయ్యబోయారు. దక్షిణపు అలుగు వారం రోజుల్లో ప్రొఖొరోవ్కా అనే చిన్న రైలుస్టేషను ఊరి ముంగిటికి వచ్చేసింది. రొత్మిస్త్రొవ్ అనే సేనాని తన అయిదవ గార్డ్స్ టాంకు సైన్యాన్ని మూడువందల కిలోమీటర్లకు పైగా నడిపించుకొచ్చి, 12వ తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు ఎదురుదాడికి దింపాడు. రేడియోలో పలికిన సంకేతం "స్తాల్", అంటే ఉక్కు. ఒక పక్క రైలుకట్ట, ఒక పక్క ప్స్యోల్ నది, మధ్య ఇరుకు మైదానం. ఇంతవరకు తగవు లేదు.

తరువాతదంతా తగవే. సోవియట్ కాలపు పుస్తకాలు పన్నెండువందలనుంచి పదిహేనువందల టాంకులు ఢీకొన్నాయనీ, జర్మనులవి మూడువందల యాభైకి పైగా కాలిపోయాయనీ, అందులో డెబ్భై టైగరు టాంకులనీ రాశాయి. అర్ధశతాబ్దం అందరమూ అదే చదువుకున్నాం. 1991లో సోవియట్ యూనియన్ పోయి దస్తావేజుల గదుల తలుపులు తెరుచుకున్నాక, రష్యన్ చరిత్రకారుడు వలేరీ జమూలిన్ తమ కాగితాలు తిరగేశాడు. జర్మన్ చరిత్రకారుడు కార్ల్ హైన్జ్ ఫ్రీజర్ వాళ్ళ కాగితాలు తిరగేశాడు. మైదానంలో ఎదురుపడిన జర్మన్ కోరులో పనిచేసే టైగర్లు అన్నీ కలిపి పదిహేను ప్రాంతాల! నడిమైదానంలో నిలిచిన డివిజనుకు నాలుగే నాలుగు. పాంథర్లు ఒక్కటీ లేవు. అవి పడమట వేరే కోరులో ఉన్నాయి. ఉభయపక్షాల టాంకులూ కలిపి వెయ్యికి లోపే అని ఒక లెక్క. సోవియట్‌వారికి మూడువందల పైచిలుకు దెబ్బతిన్నాయి. జర్మనులకు ఆ రోజు పూర్తిగా నష్టమైనవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని!

"అబద్ధాలు రాశారన్నమాట" అన్నాడు మావాడు, తీర్పరిలా.

అంత తొందరేమిటి? ఇక్కడే మా ఆవిడ సామాన్ల గది గుర్తొచ్చింది నాకు. చిల్లుపడ్డ బిందెను మాటు వేయించుకుంటే పోయినట్టా, ఉన్నట్టా? జర్మనులు పనికిరానిదాన్నే "పోయింది" అని రాసేవారు. దెబ్బతిన్నది మరమ్మతు ఖాతాలోకి వెళ్ళేది. సాయంత్రానికి మైదానంలో చాలా భాగం వాళ్ళ చేతిలోనే ఉంది కనుక తమ టాంకులను లాక్కుపోయి బాగుచేసుకున్నారు. సోవియట్‌వి అక్కడే మిగిలిపోయాయి. సరే, ఆ మాటు వేసిన బిందెలు, నెల తిరగకుండానే వెనుదిరిగి పారిపోతూ దారిలో వదిలేస్తే ఏ ఖాతాలో రాయాలి? ప్రొఖొరోవ్కా ఖాతాలోనా, పారిపోయిన ఖాతాలోనా? పండితులు ఇప్పటికీ దీనిమీదే కొట్టుకుంటున్నారు. యుద్ధకాలంలో జర్మన్ విమానాలు తీసిన ఛాయాచిత్రాలు అమెరికా దస్తావేజుల్లో దొరికితే, 2019లో ఒక ఇంగ్లీషు పరిశోధకుడు వాటిలో కనిపించిన టాంకులను ఒక్కొక్కటే లెక్కపెట్టి వ్యాసం రాశాడు. అదీ జర్మనులకు పోయినవి కొద్దే అని తేల్చింది.

నన్ను బాధించేది ఇంకొకటి. ఆ మైదానంలో అడ్డంగా ఒక లోతైన కందకం ఉంది. అది సోవియట్‌వాళ్ళే, జర్మన్ టాంకులు పడాలని తవ్వినది. ముందురోజు శత్రువు దాన్ని దాటి వచ్చేశాడు. 12వ తేదీ ఉదయం సోవియట్ టి-34లు శరవేగంతో వచ్చి తమ కందకంలోనే పడ్డాయి. తవ్వినవాళ్ళకు తెలుసు, నడిపేవాళ్ళకు ఎందుకు తెలియలేదు? పటంలో గుర్తు లేదా, ఉన్నా చూసే వ్యవధి లేదా, పొగలో కనబడలేదా? సంతృప్తికరమైన జవాబు నేను చదివినంతలో లేదు. ఇంత నష్టం ఎందుకైందో విచారించమని స్టాలిన్ మలెన్కోవ్‌ను పంపించాడు. అటువంటి విచారణ నెత్తిమీద ఉన్న సేనాని శత్రువు నష్టాన్ని కొంచెం పెంచి రాశాడంటే, అర్థం చేసుకోవడం కష్టమా?

మరి గెలిచిందెవరు? మైదానం జర్మనులది, ఊరు మాత్రం వాళ్ళ చేత చిక్కలేదు. మర్నాడే హిట్లర్ దాడి ఆపేద్దామన్నాడు. ప్రొఖొరోవ్కా వల్లనా? 10వ తేదీన ఇంగ్లీషు, అమెరికను సేనలు సిసిలీలో దిగినందువల్లనా? 12నే ఉత్తరాన ఒరేల్ దగ్గర రష్యన్లు మరో దాడి మొదలుపెట్టినందువల్లనా? నాకు మూడూ కలిశాయనిపిస్తుంది గాని, పందెం కాయను. ఆగస్టు 23కి ఖార్కొవ్ సోవియట్‌వారి చేతికి వచ్చేసిందనేది మాత్రం ఎవరూ కాదనలేరు.

అసలు "అతి పెద్దది" అన్నదే అనుమానం. 1941 జూన్‌లో ఉక్రెయిన్‌లో దుబ్నో, బ్రోదీల దగ్గర జరిగినది ఇంతకంటే చాలా పెద్దదని చాలామంది అంటారు. ప్రొఖొరోవ్కాలో మాత్రం 1995లో ఎత్తయిన గంటాగోపురం కట్టారు. 2019లో ఒక జర్మన్ పత్రికలో దాన్ని కూలగొట్టాలని రాస్తే రష్యాలో పెద్ద దుమారం రేగింది. లెక్క తప్పితే గుడి గంట తీసేస్తారా ఎవరైనా?

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అంతా విని, "టాంకులు సరే, లోపల మనుషులెందరుంటారు?" అంది. టి-34లో నలుగురు, చిన్నదైన టి-70లో ఇద్దరు అని చెప్పాను. మావాడు వెంటనే కాగితం తీసి హెచ్చవేతలో పడ్డాడు. టాంకు పోతే అందరూ పోయినట్టు కాదురా, కొందరు దూకి బతికారు, కొందరు కాలి బతికారు, ఆ లెక్క రాదు అన్నాను. వాడు పెన్సిలు నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

చివరికి పుస్తకంలో 1500 కొట్టేసి, పక్కన "సుమారు" అని రాసి, దాని తరవాత ఏమీ రాయలేదు. పోటీ వచ్చే శనివారం.