నడుము చెప్పే సాక్ష్యం

"అప్పుడు కాయిదం దొరికితే పాణం పోతదని పొయ్యిల ఏసినం. ఇప్పుడేమో కాయిదం తెస్తెనే పింఛనంటున్రు. ఏడికెల్లి తేవాలె బిడ్డా?"

కొన్నేళ్ల కిందట సూర్యాపేట దగ్గర ఒక పల్లెలో ఓ అవ్వ నన్నడిగిన ప్రశ్న ఇది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో ఆమె దళాలకి గటక మోసింది, ఉత్తరాలు చేరవేసింది. దళం జాడ చెప్పనందుకు ఆమెని ఇంట్లోనే తుపాకీ మడమలతో నడుం మీద కొట్టారు. ఆ తర్వాత ఆమె నిటారుగా నిలబడింది లేదు. కోదాడ, మిర్యాలగూడ వైపు ఊళ్లలోనూ నడుములు, మోకాళ్లు పట్టేసిన ఇలాంటి అవ్వల్ని చూశాను.

1972లో మొదలై, 1980లో స్వతంత్ర సైనిక్ సమ్మాన్ పథకంగా విస్తరించిన కేంద్ర పింఛను హైదరాబాదు సంస్థాన విలీనోద్యమానికీ వర్తించింది. జైలు అయితే ఆరునెలలు, స్త్రీలకి, ఎస్.సి., ఎస్.టి.లకి మూడునెలలు చాలు. అజ్ఞాతవాసం అయితే ఆరునెలలు దాటాలి, పరారీలో ఉన్నట్టో, తలకి వెల కట్టినట్టో సర్కారు ప్రకటించి ఉండాలి. కాల్పుల్లో, లాఠీచార్జిలో శాశ్వతంగా వికలాంగులైనవారూ అర్హులే.

చదవడానికి బాగానే ఉంది. కానీ మల్లు స్వరాజ్యం తలకి పదివేల రూపాయల వెల కట్టారు కనుక ఆమె పేరు సర్కారు కాయితానికి ఎక్కింది. దళాలకి అన్నం పెట్టిన ఆడవాళ్ల పేరున వారంటు ఎవరు రాశారు? నడివీధిలో తగిలిన దెబ్బ లాఠీచార్జి. వంటింట్లో తగిలిన దెబ్బకి రూలులో పేరే లేదు! 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా ఈ స్త్రీల మాటని చరిత్రే పెద్దగా పట్టించుకోలేదు. ఇక ఆఫీసు ఫైలు పట్టించుకుంటుందా?

చేరేనాటికి ఆరోగ్యంగా ఉన్నాడని నమోదైన జవానుకి తర్వాత వైకల్యం వస్తే, అది కొలువు వల్ల వచ్చిందనే భావించాలనీ, కాదని రుజువు చేసే భారం సర్కారుదేననీ 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమరయోధుల పింఛను దగ్గర క్రిమినల్ కేసుల్లో అడిగేంత రుజువు అడగకూడదని 2001లోనే గురుదయాళ్ సింగ్ కేసులో చెప్పింది. నేను కలిసిన అవ్వల గడప దాకా ఆ మాట రాలేదు.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. మిగిలిన కొద్దిమందీ తొంభై దాటారు. అయితే సమస్య వాళ్లతో ముగిసిపోలేదు. నాట్లలో వంగి, రైసుమిల్లులో బస్తాలు మోసి నడుము పోగొట్టుకుంటున్న స్త్రీల దగ్గర ఈ రోజు ఏ కాయితం ఉంది? మస్టరులో చాలామంది పేరే ఉండదు.

అందుకే పల్లెలకు వెళ్లే మనం ఒక పని చేద్దాం. ఎవరి దగ్గర, ఎన్నాళ్లు, ఏ పని చేసింది, నొప్పి ఎప్పుడు మొదలైంది - ఇప్పుడే రాసి, తోటి కూలీల చేత సంతకాలు పెట్టిద్దాం. డాక్టరు చీటీలు జాగ్రత్త చేద్దాం. స్త్రీల నోటిమాటని సాక్ష్యంగా తీసుకోవాలని గట్టిగా అడుగుదాం. రేపు ఇంకో అవ్వ కాయిదం ఏడికెల్లి తేవాలని అడిగితే, మన సంచీలోంచి తీసి ఆమె చేతిలో పెట్టగలగాలి.