చెవులు మూసుకుంటే దయ్యమేనా?

మొన్న ఆషాఢంలో నాచారంలో ఓ పెద్దావిడ తీర్పు చెప్పేసింది: "పిల్లగానికి గాలి సోకింది బిడ్డా. అమావాస్యకు పొగేసి తాయెత్తు కట్టియ్యి." ఐదేళ్ల ఆ పిల్లాడు చేసిన నేరమల్లా, బోనాల డీజే వీధిలోకి రాగానే చెవులు మూసుకుని మంచం కిందికి దూరడం. ఆ మోతకు మా కిటికీ అద్దాలూ వణికాయి. వాటికి ఎవరూ తాయెత్తు కట్టలేదు.

ఈ గాలి ఎక్కడ పుట్టిందో, దానిమీద ఎవరు బతుకుతున్నారో వేరే చెప్పాలా? వైద్యం సంగతి చూడండి. శబ్దం భరించలేని బిడ్డ చెవి పక్కన డప్పు. వాసనకే డోకొచ్చే బిడ్డకు తలుపులు మూసి ఎండుమిరపకాయల పొగ. ఒంటిమీద చెయ్యి పడితే ఉలిక్కిపడే బిడ్డకు వేపమండల దెబ్బలు. గుక్కపట్టి ఏడిస్తే దయ్యం బయటపడుతోందట. సొమ్మసిల్లితే దిగిపోయిందట. మంత్రగాడు ఓడిపోయే దారే లేదు.

మా మేనమామ కొడుకుకి మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించారు. నలుగురు కాళ్లూ చేతులూ అదిమిపట్టారు. కత్తి గాటు పడితే పసుపు అద్ది, నవ్వుకుంటూ భోజనాలకు లేచారు. వాడికి కొత్త చొక్కా వేస్తే మెడ వెనక గోక్కుని గోక్కుని పుండు చేసుకునేవాడు. అదీ గ్రహపాటే అన్నారు. ఒకరోజు అత్త కాలర్ లోపలి లేబుల్ కుట్లు కత్తెరతో విప్పేసింది. ఆ తర్వాత ఆ చొక్కా విడిస్తే ఒట్టు!

చూపు, వినికిడి, స్పర్శ, లోచెవి చెప్పే తూకం, కండరాలూ కీళ్లూ పంపే కబురు, వీటన్నిటినీ మెదడు సర్దుకోవాలి. కొందరు పిల్లల్లో ఆ సర్దుబాటు కుదరదని అమెరికన్ థెరపిస్టు జీన్ ఎయర్స్ 1972లోనే పుస్తకం రాసింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితా డీఎస్ఎం-5 దీన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది; విడి జబ్బుగా మాత్రం ఒప్పుకోలేదు. ఇలాంటి పిల్లలందరికీ ఆటిజం ఉండాలనీ లేదు. ఈ సర్దుబాటు నేర్పే థెరపీతో ఎంత మేలు జరుగుతుందో చెప్పే ఆధారాలు ఇంకా తక్కువేనని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2012లో హెచ్చరించింది. కాబట్టి 'పూర్తిగా నయం చేస్తాం' అని బోర్డు పెట్టేవాడు తెల్లకోటు వేసుకున్నా నాకు మంత్రగాడే.

ఈ మూఢనమ్మకం ఎందాకా పోతుందో చూడండి. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం నాడు కలబురగి దగ్గర వైకల్యమున్న పిల్లల్ని మెడదాకా మట్టిలో పాతారు, బాగవుతారని! అంతదూరమెందుకు, 2018 చంద్రగ్రహణం మర్నాడు మన ఉప్పల్ చిలుకానగర్‌లో ఓ మేడమీద పసిబిడ్డ తల దొరికింది. జబ్బు తగ్గాలని ఇచ్చిన బలి అని పోలీసులు చెప్పారు. సైన్సు పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఉన్నదీ ఈ ఉప్పల్ రోడ్డు మీదే.

తల్లులారా, బిడ్డ చెవులు మూసుకుంటే ముందు ఆ మోత తగ్గించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. పిల్లల ఎదుగుదలలో తేడాలు పరీక్షించి చెప్తారు. అక్కడికి తీసుకెళ్లండి. అమావాస్య దాకా ఆగనక్కర్లేదు.